కనుమ గేటు దగ్గర ఎనిమిదో కారు

నవంబరు మూడో శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు స్కార్వ కనుమ పడమటి గేటు దగ్గర ఎనిమిదో కారును వెనక్కి పంపారు. కారులో ఇద్దరున్నారు. నడుపుతున్నది ఐవిన్. వెనక సీట్లో అతని కూతురు తిరిల్, తొమ్మిదేళ్ళు. వెనక్కి పంపడానికి కారణం టైర్లు.

మధ్యాహ్నం నుంచి గాలి పెరగడంతో కనుమ మీద మామూలు రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజుల్లో కాన్వాయ్ ఒక్కటే దాటుతుంది. ముందు మంచు తోసే బండి, చివర పసుపు దీపాల జీపు, మధ్యలో కార్లు. పడమటి గేటు దగ్గర ఎన్ని కార్లు లోపలికి వెళ్ళాయో జీపు డ్రైవరు లెక్కపెట్టుకుంటాడు, తూర్పు గేటు దగ్గర మళ్ళీ లెక్కపెడతాడు. వరుసలో ఎవరు ఉండొచ్చో, ఎవరు ఉండకూడదో చెప్పేది మాత్రం మంచు బండి నడిపే ఓడ్‌ముండ్. అతను ప్రతి కారు దగ్గరా ఆగి మూడు సంగతులు అడుగుతాడు. ట్యాంకులో డీజిల్ ఎంతుంది, కోట్లు చేతికందేలా ఉన్నాయా, టైర్లు ఏవి. మూడోదానికి జవాబు వినడు. వంగి చూస్తాడు.

ఐవిన్ అద్దం దించాడు.

"చలికాలం టైర్లేనండీ. ఒక్క సీజనే తిరిగాయి, కొత్తవాటి కిందే లెక్క."

ఓడ్‌ముండ్ చేతి తొడుగు తీసి ముందు టైరు రబ్బరులో బొటనవేలి గోరు గుచ్చి చూశాడు. టార్చి వేసి టైరు పక్కన ఉన్న అక్షరాలు చదివాడు.

"ఈ బండి ఎక్కడ కొన్నావు?"

"జర్మనీ నుంచి తెప్పించాను. ఆగస్టులో. టైర్లు దాంతోపాటే వచ్చాయి."

"అదీ సంగతి. ఇవి వాళ్ళ చలికాలం టైర్లు. వాళ్ళకి చలికాలమంటే వాన."

"దీని మీద మంచు గుర్తు ఉందండీ, చూడండి. చట్టం ప్రకారం సరిపోతాయి."

"సరిపోతాయి. పోలీసు ఆపితే నవ్వి పంపించేస్తాడు. నేను పోలీసుని కాను."

"నెమ్మదిగా నడుపుతాను."

"ఎంత నెమ్మదిగా పోయినా పైన రెండో మలుపు ఎక్కాల్సిందేగా. అక్కడ నువ్వు ఆగావంటే నీ వెనక తొమ్మిదోవాడు ఆగుతాడు, పదోవాడు ఆగుతాడు. ఈ గాలికి పావుగంటలో అందరూ మంచులో కూరుకుపోతారు. తవ్వాల్సింది నేను. తిప్పుకో బాబూ, పక్కన జాగా ఉంది."

ఐవిన్ కారు తిప్పాడు. కాన్వాయ్ కదిలింది.

"మనం ఫెయిలయ్యామా నాన్నా?" అంది తిరిల్.

"లేదమ్మా. వాతావరణం బాలేదు."

"మరి ఏడో కారు వెళ్తోందిగా?"

ఐవిన్ కారును వచ్చిన దారినే కిందికి పోనిచ్చాడు.

ఐవిన్, రాండి విడిపోయి మూడేళ్ళయింది. రాండి కనుమకు పడమట, సముద్రపు పాయ ఒడ్డున ఐడ్‌వీక్ ఊళ్ళో ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. తిరిల్ బడి అక్కడే. ఐవిన్ తూర్పున డ్రామెన్‌లో ఉంటాడు. ఓస్లోలో ఒక బీమా కంపెనీలో ప్రమాదాల లెక్కలు చూస్తాడు. రెండు వారాలకొకసారి శుక్రవారం కనుమ దాటి వచ్చి తిరిల్‌ను తీసుకెళ్ళి, ఆదివారం దింపుతాడు. క్రిస్మస్ ఒక ఏడాది తల్లి దగ్గర, ఒక ఏడాది తండ్రి దగ్గర. ఈ ఏడాది ఐవిన్ వంతు. పెద్ద కారు కొన్నది కూడా తిరిల్ స్కీలు పట్టాలని, కనుమ ఎక్కాలని.

ఆ సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చేసరికి రాండి పొయ్యి మీద మాంసం వేయించుకుంటోంది. శుక్రవారం కాబట్టి, అక్కడ చాలా ఇళ్ళలో లాగే, టాకోలు, అంటే మాంసం పెట్టి మడిచే రొట్టెలు. ఒక్కదానికే చేసుకుంటున్న ఆమె వాళ్ళను చూసి మరో పొట్లం విప్పింది.

"ఏమైంది?"

"ఓడ్‌ముండ్ వెనక్కి పంపాడు," అన్నాడు ఐవిన్.

"మావి జర్మనీ టైర్లట," అంది తిరిల్. "వాళ్ళకి చలికాలమంటే వానట."

రాండి నవ్వలేదు. తిన్నాక తిరిల్ టీవీ ముందుకు వెళ్ళింది. రాండి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"మొన్న ఆ టైర్ల మీదే దాన్ని తీసుకెళ్ళావు కదూ?"

"అప్పుడు రోడ్డు పొడిగా ఉంది. పైగా అవి చట్టం ప్రకారం..."

"నేను చట్టం అడగలేదు."

"సరే. మారుస్తాను."

"ఏవి వేయిస్తావు?"

"మన దేశం మంచుకని చేసే మెత్త రబ్బరు టైర్లు. గడ్డమంచును పట్టుకునే ఇనుప మేకులు లేనివి."

"మేకులవి వేయించు."

"రాండీ, మేకులతో ఓస్లోలోకి వెళ్ళాలంటే రోజూ సుంకం కట్టాలి. చప్పుడు, దుమ్ము. నేను పరీక్షల పట్టికలన్నీ చూశాను. మేకుల్లేనివి దాదాపు సమానం."

"దాదాపు."

"నా ఉద్యోగమే అది. దాదాపు అంటే ఎంతో నాకు తెలుసు."

"ఓస్లోకి రైలుంది, ఐవిన్. మా కొండకి లేదు."

ఐవిన్ గిన్నెలో మిగిలిన మొక్కజొన్న గింజలు చెంచాతో ఒక పక్కకు నెట్టాడు.

"నా మాట విను," అంది రాండి. "నువ్వు ఏ టైర్లు వేయించుకుంటావో నీ ఇష్టం. నాకు వాటి గురించి తెలీదు. ఓడ్‌ముండ్‌కి తెలుసు. అతను నిన్ను వరుసలో నిలబెట్టి పంపేదాకా తిరిల్ కనుమ దాటదు."

"క్రిస్మస్‌కి?"

"క్రిస్మస్‌కి కూడా. నువ్వే ఇక్కడికి రా. కింద గది ఉంది. పండక్కి మేం చేసుకునే గొర్రె పక్కటెముకలు నీకూ పెడతాను."

"నాకు నీ కింద గది వద్దు. అక్కడ దానికో గది ఉంది. మా అమ్మ పంది మాంసం చెప్పి పెట్టింది, చర్మంతో సహా."

"అయితే టైర్లు వేయించుకో."

ఐవిన్ ఆ శని, ఆదివారాలు కింద గదిలోనే ఉన్నాడు. గదిలో రాండి పాత కుట్టు మిషను, తిరిల్ చిన్నప్పటి బండి ఉన్నాయి. ఆదివారం గాలి తగ్గి గేటు తెరిచాక ఒక్కడే వెళ్ళిపోయాడు.

మంగళవారం డ్రామెన్‌లో టైర్ల షాపుకు వెళ్ళాడు. మొదటి మంచు పడిన వారం కావడంతో వరుస రోడ్డు దాకా ఉంది. షాపు యజమాని గ్రూ, యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలుతో కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కారుకు నల్లటి ఇరవై అంగుళాల రిమ్ములున్నాయి. ఐవిన్ ఆ కారు కొన్న కారణాల్లో అవి కూడా ఒకటి.

"ఈ రిమ్ములకే కావాలా?"

"కుదిరితే."

"కుదురుతుంది. మేకుల్లేని మెత్తవి ఈ సైజులో నాలుగున్నాయి. ఇప్పుడే వేసేస్తా. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు."

"కనుమ మీద ఎలా ఉంటాయి?"

"ఏ కనుమ?"

"స్కార్వ. రెండు వారాలకోసారి, మా పాపతో."

గ్రూ పెన్సిలు తీసి టైరు పక్క భాగం మీద కొట్టింది. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు రబ్బరు ఉంది.

"ముందే చెప్పొద్దూ! ఇది చాలా సన్నం. మంచు కింద గుంట కనపడదు. పడ్డారంటే రిమ్ము వంగుతుంది, గాలి పోతుంది. కనుమ మీద టైరు మార్చుకుంటూ కూర్చుంటారు. చిన్న రిమ్ము, లావు టైరు కావాలి మీకు."

"ఎంత చిన్నది?"

"పదిహేడు పడితే హాయి."

ఆమె లోపల్నుంచి పదిహేడు అంగుళాల ఇనుప రిమ్మొకటి దొర్లించుకుంటూ తెచ్చింది. కారును పైకి లేపి, ముందు చక్రం విప్పి దాన్ని తగిలించి చేత్తో తిప్పింది. పావు చుట్టు తిరిగి కర్రుమని ఆగింది. బ్రేకు మీది ఇనుప దిమ్మకు రిమ్ము లోపలి అంచు తగులుతోంది.

"మీరు కొన్నది పెద్ద ఇంజనుది. దానికి తగ్గట్టు బ్రేకులు కూడా పెద్దవి. జర్మనీవాళ్ళు జోరుగా పోతారు, జోరుగా ఆగాలి కదా." పద్దెనిమిది అంగుళాలది తెచ్చి తగిలించింది. అది పూర్తిగా తిరిగింది. సందులో తన చిటికెన వేలు పెట్టి చూపింది. "ఇంత ఖాళీ ఉంది. చాలు."

"అల్యూమినియంవి లేవా?"

"ఉన్నాయి. రోడ్డు మీద ఉప్పుకి రెండేళ్ళలో పొక్కులొస్తాయి. ఇనుపవి ఎంత కొట్టుకున్నా ఏం కావు. కాకపోతే అందం సంగతి నన్నడక్కండి."

ఐవిన్ ఇనుప రిమ్ము వైపు చూశాడు. ఫోనులో ఫొటో తీసి తిరిల్‌కు పంపాడు. జవాబు వెంటనే వచ్చింది: "నాన్నమ్మ కారు చక్రంలా ఉంది."

"ఇక టైర్లు," అంది గ్రూ. "మేకులా, మెత్తవా?"

"మీరే చెప్పండి."

"నన్ను అడగొద్దు. నా దగ్గర మెత్తవి స్టాకులో ఉన్నాయి, మేకులవి తెప్పించాలి. కాబట్టి నేను మెత్తవే బాగుంటాయంటాను. కూర్చుని కాఫీ తాగండి. మీ ముందు ఇంకా ఆరుగురున్నారు."

ఐవిన్ గోడ పక్క కుర్చీలో కూర్చుని ఫోనులో పరీక్షల పట్టిక తెరిచాడు. దాన్ని అప్పటికే చాలాసార్లు చూశాడు. పొడి రోడ్డు, తడి రోడ్డు, మెత్తని మంచు, గట్టి మంచు, చప్పుడు, డీజిల్ ఖర్చు. చివరి వరుసలో మొత్తం మార్కులు. రెండు రకాలకూ మధ్య తేడా మొత్తంలో అర మార్కు. రాండికి చెప్పిన "దాదాపు" అదే.

ఈసారి మొత్తం వదిలేసి ఒక్కో వరుసా చూశాడు. తడిసిన గట్టి మంచు, వేడిమి సున్నా డిగ్రీల దగ్గర. ఆ వరుసలో తేడా అర మార్కు కాదు. మేకులవి ఆగిన చోటు దాటి మెత్తవి ఇంకో మూడు కార్ల పొడవు పోయి ఆగాయి. చప్పుడు వరుసలోనూ, పొడి రోడ్డు వరుసలోనూ మెత్తవి అంతకంత తిరిగి సంపాదించుకున్నాయి. మొత్తం దాదాపు సమానమైంది అందుకే.

కనుమకు పడమటి దిగువన, ఐడ్‌వీక్ దాకా, చలికాలమంతా వేడిమి సున్నా దగ్గరే ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి మంచు పడుతుంది, కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. పొడి రోడ్డు మీద అతను నడిపేది డ్రామెన్ నుంచి ఓస్లోకి, రోజూ, ఒక్కడే.

అతను లేచి గ్రూ దగ్గరికి వెళ్ళాడు.

"మేకులవి తెప్పించండి. నాలుగూ."

"నాలుగూ మేకులవే వెయ్యాలి, వేరే దారి లేదు. ముందు రెండూ అవి, వెనక రెండూ ఇవి అంటే నేను వెయ్యను. ఓస్లో సుంకం సంగతి?"

"రైల్లో వెళ్తాను."

"రోజూనా?"

"రోజూ."

గ్రూ పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. "శుక్రవారం రండి. ఇంకో మాట. కొత్త మేకులు రబ్బరులో కుదురుకోవాలి. మొదటి అయిదు వందల కిలోమీటర్లు ముసలాయనలా నడపండి. కొంచెం తిరిగాక బోల్టులు మళ్ళీ బిగించుకోండి. అందరూ బిగిస్తామంటారు, ఎవరూ బిగించరు."

ఇరవై అంగుళాల నల్ల రిమ్ములు, జర్మనీ టైర్లతో సహా, అదే షాపు గోదాములో పెట్టించాడు.

డిసెంబరు మొదటి శుక్రవారం ఐవిన్ మేకుల టైర్లతో కనుమ దాటాడు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి లేదు. గేటు కొయ్య పైకెత్తి ఉంది. గేటు దగ్గర మనిషి లేడు. ఐడ్‌వీక్‌లో మంచు లేని తారురోడ్డు మీద మేకులు పటపటమంటుంటే తిరిల్ కారు కనపడకముందే తలుపు తీసింది.

"వంటింట్లోకే వినపడింది నాన్నా!"

రాండి వాకిట్లోకి వచ్చి చక్రాలు చూసింది. "బాగున్నాయి. అసహ్యంగా ఉన్నాయి."

"తిరిల్ బ్యాగు సర్దావా?"

"ఓడ్‌ముండ్ చూశాడా?"

"ఓడ్‌ముండ్ లేడు. గేటు తెరిచే ఉంది."

"తెరిచిన గేటు ఎవర్నైనా పంపుతుంది."

"అంటే తుఫాను రావాలని మొక్కుకోమంటావా?"

"మొక్కుకో."

"రాండీ, ఇవి కొత్త మేకులు. నువ్వు అడిగినవే."

"నేను ఓడ్‌ముండ్ చూడాలన్నాను. మాట మాటే."

అలా అతను మళ్ళీ కింద గదిలో పడుకున్నాడు. శనివారం ఉదయం వాకిట్లో బోల్టులు బిగించాడు. ఇరవై బోల్టుల్లో రెండు కొంచెం తిరిగాయి. పని అయ్యాక పక్కనే ఉన్న రాండి చిన్న కారు ముందు వంగి టైరు మీద అంకెలు చదివాడు. టైరు తయారైన వారం, ఏడాది అక్కడ ఉంటాయి. మేకుల్లో సగం ఊడిపోయి వాటి చోట చిన్న గుంటలు మిగిలాయి.

"రాండీ! ఇవి తిరిల్ కంటే పెద్దవి."

"నేను కనుమ ఎక్కను," అంది ఆమె మెట్ల మీద నుంచి. "పనికి, కొట్టుకి, ఇంటికి. అంతే."

"పనికి వెళ్ళే దారిలో కొండవాలు లేదా?"

"నీ బోల్టులు నువ్వు బిగించుకో."

ఆ తరవాతి రెండు వారాలు ఐవిన్ ఓస్లోకి రైల్లో వెళ్ళాడు. పొద్దున్నే ఫోనులో చూసేది మొదట కనుమ మీద గాలి. పది రోజులు గేటు తెరిచే ఉంది. పదకొండో రోజు రాండికి ఫోను చేశాడు.

"శుక్రవారం మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుందట."

"సంతోషంగా చెప్తున్నావు."

"గేటు పూర్తిగా మూసేస్తే క్రిస్మస్ నీ ఇంట్లో. కాన్వాయ్ అయితే చూద్దాం."

"గేటు దాకా నేనూ వస్తాను," అంది రాండి.

క్రిస్మస్ ముందు శుక్రవారం ఉదయం ఐవిన్ గేటు మూయకముందే కనుమ దాటి ఐడ్‌వీక్ చేరాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. రెండు గంటలకు కాన్వాయ్ అని ప్రకటించారు. తిరిల్ స్కీలు, బ్యాగు, కానుకల సంచి కారులో పెట్టారు. రాండి తన కారులో వెనక వచ్చింది.

పడమటి గేటు దగ్గర అప్పటికే నాలుగు కార్లున్నాయి. ఐవిన్ అయిదోవాడు. అతని వెనక ఇంకో ఆరు చేరాయి. రాండి తన కారు పక్కన ఆపి దిగింది. మంచు అడ్డంగా కొడుతోంది. ఓడ్‌ముండ్ మొదటి కారు దగ్గర మొదలుపెట్టాడు. మూడో కారతన్ని కోటు డిక్కీలోంచి తీసి ముందు సీట్లో పెట్టుకోమన్నాడు. అయిదో కారు దగ్గరికి వచ్చి వంగి లోపలికి చూశాడు.

"నువ్వు ఎనిమిదోవాడివి కదూ?"

"ఈసారి అయిదోవాణ్ణి."

"జర్మనీవి ఏం చేశావు?"

"గోదాములో ఉన్నాయి."

"డీజిల్?"

"నిండా ఉంది. కోట్లు ఒళ్ళోనే ఉన్నాయి."

ఓడ్‌ముండ్ చేతి తొడుగు తీశాడు. ముందు టైరు రబ్బరులో గోరు గుచ్చాడు. అరచేతితో మేకులు తడిమాడు. చక్రం తిరగాల్సిన వైపు చూపే బాణం గుర్తు చూశాడు. తరవాత వెనక చక్రాల దగ్గరికి వెళ్ళి అదే చేశాడు. అవతలి పక్కకు కూడా వెళ్ళాడు. రాండి చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తోంది. తిరిల్ సీటు బెల్టు పట్టుకుని అతను కారు చుట్టూ తిరిగినంతసేపూ అటే తల తిప్పింది.

"బోల్టులు మళ్ళీ బిగించావా?"

"బిగించాను. రెండు తిరిగాయి."

"రిమ్ములు అందంగా లేవు."

"లేవండీ."

"మంచిది. ముందు కారు దీపాలు కనపడేంత దూరంలో ఉండు. కనపడకపోతే ఆగిపోకు, హారను కొడుతూ మెల్లగా రా." అతను నిలబడ్డాడు. "అయిదు," అని వెనక జీపు వైపు చెయ్యెత్తాడు.

"పాసయ్యామా?" అంది తిరిల్.

"నీ సంగతి ఇంకా చూడలేదు," అన్నాడు ఓడ్‌ముండ్. "టోపీ ఏది?"

తిరిల్ టోపీ పెట్టుకుంది.

ఓడ్‌ముండ్ పక్కన ఆగి ఉన్న రాండి కారు మీదికి టార్చి వేశాడు. "నువ్వు కూడా వస్తున్నావా?"

"లేదు. చూడ్డానికొచ్చాను."

అతను ముందు టైరు మీద కొంచెంసేపు వెలుగు నిలిపాడు. "ఈ టైర్లకి చూడ్డమే మంచిది. వెళ్ళేటప్పుడు వంతెన దగ్గర మెల్లగా వెళ్ళు."

ఐవిన్ నవ్వు ఆపుకోవడానికి అద్దాల మీది మంచు తుడిచే మీట తిప్పాడు. రాండి తన కారులోంచి బరువైన కాగితం పొట్లం తెచ్చి కిటికీలోంచి అతని ఒళ్ళో పెట్టింది.

"గొర్రె పక్కటెముకలు. మీ అమ్మ పంది మాంసం అయ్యాక, ఇరవై ఆరో తేదీకి. ముందు రోజు రాత్రే నానబెట్టు. నీళ్ళు మార్చడం మర్చిపోకు, ఉప్పగా ఉంటాయి."

"నీ టైర్లు..."

"జనవరిలో. నువ్వు నడుపు."

ఆమె వెనక సీటు కిటికీలోంచి తిరిల్‌ను ముద్దుపెట్టుకుని వెనక్కి జరిగింది. ఓడ్‌ముండ్ మిగిలిన ఆరు కార్లూ చూశాడు. ఎవర్నీ వెనక్కి పంపలేదు. మంచు బండి ఎక్కాడు. గేటు కొయ్య లేచింది. జీపు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఒక్కో కారూ తన ముందు నుంచి వెళ్తుంటే వేలు ఆడించాడు. పదకొండు.

రాండి ఇంటికి వెళ్ళలేదు. గేటు దగ్గరి కాపలా గదిలో, ఓడ్‌ముండ్ ఫ్లాస్కు పక్కన, బెంచీ మీద కూర్చుంది. గదిలో గోడకు రేడియో ఉంది. మంచు బండి నుంచి జీపుకు, జీపు నుంచి మంచు బండికి మాటలు అందులో వినపడతాయి. రెండో మలుపు దగ్గర ఓడ్‌ముండ్ వేగం తగ్గించమన్నాడు. ఆ తరవాత గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

అయిదింటికి కాస్త ముందు రేడియోలో జీపు డ్రైవరు తూర్పు గేటు దాటినట్టు చెప్పాడు. బయటికి వచ్చిన కార్లు పదకొండు.